రీల్లో ఉన్నారు, లేబుల్లో లేరు

మన వృత్తిలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిన బాధ ఒకటుంది. డేటా అంతా ఉంటుంది, మెటాడేటా ఉండదు. ఏదో పాత సర్వర్లో వేల ఫైళ్ళు దొరుకుతాయి. ఒక్కటి కూడా కరప్ట్ అవదు. కానీ అవి ఎవరివో, ఎందుకు పెట్టారో చెప్పే నాథుడు కంపెనీలో ఉండడు. ఇరవయ్యో శతాబ్దంలో అమెరికన్లు ఇళ్ళల్లో తీసుకున్న సినిమాల గురించి, అదే హోమ్ మూవీల గురించి, కొన్నాళ్ళుగా చదువుతున్నాను. వాటిలో కనిపించే లెస్బియన్ల విషయంలో జరిగింది దాదాపు ఇదే. బొమ్మ మిగిలింది. బొమ్మలో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళు ఒకరికొకరు ఏమవుతారన్నది మిగల్లేదు. ఆ గడిలో ఇంట్లోవాళ్ళు ఇంకేదో రాసి పెట్టేశారు.

కాస్త టెక్నాలజీ చెప్పుకోక తప్పదు, ఎందుకంటే ఏం రికార్డవ్వాలన్నది చాలావరకు రీలు పొడవే తేల్చింది. ఇళ్ళల్లో వాడుకోడానికి కొడాక్ కంపెనీ 16 ఎంఎం కెమెరా తెచ్చింది 1923లో. అది డబ్బున్నవాళ్ళ సరదా. 1932లో, ఆర్థిక మాంద్యం మధ్యలో, ఖర్చు తగ్గించి 8 ఎంఎం తెచ్చారు. అందులో చేసిన ట్రిక్కు నాకు భలే నచ్చింది. రీలు వెడల్పు 16 మిల్లీమీటర్లే, పొడవు 25 అడుగులు. ముందు ఒక సగం మీద షూట్ చేసి, రీలు తిరగేసి రెండో సగం మీద షూట్ చేస్తారు. ల్యాబులో కడిగాక నిలువునా చీల్చి అతికిస్తే 50 అడుగులు. సెకనుకి 16 ఫ్రేముల లెక్కన నాలుగు నిమిషాల చిల్లర. 1935లో కొడాక్రోమ్ రంగులొచ్చాయి, మరుసటేడు అవే రంగులు 8 ఎంఎంకీ వచ్చాయి. 1965లో సూపర్ 8 వచ్చాక తిరగేసే గొడవ పోయింది గానీ క్యాసెట్ నిడివి మూడు నిమిషాల ఇరవై సెకన్లే. ఇంట్లో తీసే ఈ రీళ్ళకి శబ్దం రావడం 1973 నాటి మాట.

మూడు నాలుగు నిమిషాలుంటే ఏం తీస్తారు చెప్పండి? పుట్టినరోజు, క్రిస్మస్ చెట్టు, కొత్త కారు, బీచి. అందరూ కెమెరా వైపు తిరిగి చెయ్యి ఊపుతారు. మాటలు వినపడవు. కెమెరా ఎక్కువ ఇళ్ళల్లో నాన్న చేతిలో ఉంటుంది, కాబట్టి ఆ ఇంటికి ఆయన చూసిన లెక్కే లెక్క.

రెండో సంగతి ల్యాబు. ఇప్పట్లా తీసి ఫోన్లో దాచుకోవడం కుదరదు. 1954 దాకా అమెరికాలో కొడాక్రోమ్ ధరలోనే కడిగే ఖర్చు కలిపి ఉండేది, అంటే రీలు కొడాక్ వాళ్ళకే పోస్టులో వెళ్ళి తిరిగి రావాలి. మధ్యలో ఎవరో పరాయివాళ్ళ చేతిలో పడుతుంది. ఆ రోజులు ఎలాంటివి? 1953లో ఐసెన్‌హోవర్ 10450 నంబరు ఉత్తర్వు ఇచ్చాడు. అందులో 'లైంగిక వికృతి' అన్న మాట అడ్డం పెట్టుకుని ప్రభుత్వోద్యోగాల్లోంచి స్వలింగ ప్రేమికుల్ని ఏరి పారేశారు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ స్వలింగ ప్రేమని రోగాల జాబితాలోంచి తీసింది 1973లో. ఆ తర్వాత కూడా, 1975లో, డల్లాస్‌లో మేరీ జో రిషర్ అనే తల్లి దగ్గర్నుంచి తొమ్మిదేళ్ళ కొడుకుని తండ్రికిచ్చేసింది జ్యూరీ. ఆవిడ ఇంకో స్త్రీతో కలిసి ఉంటోందన్నదే కేసులో అసలు వాదన. అలాంటి రోజుల్లో ముద్దు పెట్టుకుంటూ రీలు తీసి ల్యాబుకి పంపే ధైర్యం ఎంతమందికుంటుంది?

అందుకని ఈ రీళ్ళలో ముద్దుల కోసం వెతికితే పెద్దగా ఏమీ దొరకదు. వెతకాల్సింది రిపిటీషన్ కోసం. 1938 క్రిస్మస్‌లో పిన్ని పక్కన నించున్నావిడే 1952 క్రిస్మస్‌లోనూ ఆ పక్కనే ఉందా? పిన్ని ఒక్కతే ఫ్రేములో ఉన్నప్పుడు కెమెరా ఎవరు పట్టుకున్నారు? ఆ పట్టుకున్నావిడ పిన్ని మొహం మీద మూడు సెకన్లు ఎక్కువసేపు ఎందుకు ఆగింది? నాలుగు నిమిషాల రీల్లో మూడు సెకన్లంటే తక్కువేం కాదు.

ఇక అట్టపెట్టె మీద ఏముంటుంది? ఉదాహరణకి, '1948, క్రిస్మస్, అమ్మ, పిల్లలు, మేరీ, మేరీ ఫ్రెండు'. తెలియక రాసిన రాత అని నేననుకోను. ప్రతి పండక్కీ ఆ ఫ్రెండుకి ప్లేటు పెట్టినవాళ్ళకి తెలియకుండా ఉంటుందా! తెలుసు, పిలుస్తారు, వడ్డిస్తారు, పక్కనే నిలబెట్టి ఫిల్ము కూడా తీస్తారు. రాయడం దగ్గరికొచ్చేసరికి 'ఫ్రెండు'. ఆవిడ పేరు కూడా ఉండదు చాలాసార్లు.

దీనికి చట్టం కూడా తోడైంది. అమెరికాలో ఇద్దరు స్త్రీల పెళ్ళి మొదట చెల్లింది 2004లో, అదీ మసాచుసెట్స్ ఒక్క రాష్ట్రంలో. దేశమంతా చెల్లింది 2015లో. అంతకు ముందు, విల్లు రాయకుండా ఒకావిడ పోతే ఆస్తి రక్తసంబంధీకులది. ఇంట్లో సామాను కూడా ఆస్తే. అటకమీద రీళ్ళ పెట్టె కూడా ఆస్తే. ముప్ఫై ఏళ్ళు కలిసి బతికినావిడ చట్టం దృష్టిలో ఎవరూ కాదు. ఆ పెట్టె వెళ్ళి ఎవరో మేనల్లుడి చేతిలో పడుతుంది. ఆ ముసలావిడ ఎవరో అతనికి తెలియకపోవచ్చు, తెలిసీ సిగ్గుపడొచ్చు. రెంటి ఫలితం ఒకటే, చెత్తకుండీ.

ఈ భయంతోనే 1974లో న్యూయార్క్‌లో లెస్బియన్ హెర్‌స్టోరీ ఆర్కైవ్స్ మొదలైంది. చాలా ఏళ్ళు అది జోన్ నెజిల్ అనే రచయిత్రి అపార్ట్‌మెంట్లోనే నడిచింది. 1993లో బ్రూక్లిన్‌లో సొంత ఇంటికి మారింది. ఉత్తరాలు, డైరీలు, ఫోటోలు ఏదిచ్చినా తీసుకుంటారు. రీళ్ళ సంగతి ప్రత్యేకంగా పట్టించుకున్నది మెయిన్ రాష్ట్రంలోని లెస్బియన్ హోమ్ మూవీ ప్రాజెక్ట్. దానికి పునాది రూత్ స్టార్మ్ అనే ఆవిడ తీసుకున్న రీళ్ళు. కెమెరా ఆవిడ చేతిలోనే ఉంది, అదీ విశేషం. నాన్న తీసిన ఇంట్లో కూతురు ఒక మూల కనిపించడానికీ, ఒక స్త్రీ తన స్నేహితురాళ్ళని తను చూసుకున్నట్టు తీసుకోవడానికీ చాలా తేడా ఉంది. స్టూ మాడక్స్ 2015లో 'రీల్ ఇన్ ద క్లోజెట్' అని డాక్యుమెంటరీ చేశాడు. 1930ల నుంచి గే, లెస్బియన్ మనుషులు తీసుకున్న ఇంటి సినిమాల ముక్కలు అందులో చూడొచ్చు.

కానీ నాకు వీటన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది జాన్ ఆక్సెన్‌బర్గ్ 1972లో చేసిన 'హోమ్ మూవీ'. పన్నెండు నిమిషాలే. ఆవిడ తన చిన్నప్పుడు ఇంట్లోవాళ్ళు తీసిన రీళ్ళనే తీసుకుంది. ముద్దుగా గెంతే పాప, తర్వాత స్కూల్లో చీర్‌లీడర్. చూస్తే ఏ అమెరికన్ ఇంట్లోనైనా కనపడే అమ్మాయి. దాని మీద తన గొంతుతో మాట్లాడుతుంది. చీర్‌లీడింగ్‌లో తనకి నచ్చింది తోటి చీర్‌లీడర్లతో కలిసి ఉండడమేనన్న సంగతి నవ్వుతూ చెప్పేస్తుంది. ఆ తర్వాత పెద్దయ్యాక ఊరేగింపుల్లో, ఆడవాళ్ళంతా కలిసి ఫుట్‌బాల్ ఆడుతూ. గమనించారా, చిన్ననాటి ఫుటేజ్‌లో బొమ్మ మారలేదు. సౌండ్ ట్రాక్ ఒక్కటే మారింది. ఇంట్లోవాళ్ళు 'మా బంగారు తల్లి' అని తీసిన దాన్నే వాళ్ళమ్మాయి వేరే లేబుల్ అంటించి తిరిగిచ్చింది.

మిషెల్ సిట్రాన్ 1978లో 'డాటర్ రైట్' చేసినప్పుడు ఇంకో దారి పట్టింది. వాళ్ళ నాన్న తీసిన రీళ్ళని నెమ్మది చేసి, అదే కదలికని మళ్ళీ మళ్ళీ చూపించింది. మామూలు వేగంలో నవ్వులా కనిపించేది, నెమ్మదిగా చూస్తే నవ్వేనా అని సందేహం వస్తుంది. ఆ సినిమా లెస్బియన్ల గురించి కాదు, తల్లీకూతుళ్ళ గురించి. అయితే 1999లో రాసిన పుస్తకంలో ఇంటి సినిమా దాచిపెట్టే విషయాల్ని సొంత జీవితంలోంచే విప్పి చెప్పింది.

కెమెరా కొనే స్తోమతే లేని వాళ్ళ సంగతేమిటన్న ప్రశ్న మిగిలే ఉంది. షెరిల్ డన్యే 1996లో 'ద వాటర్‌మెలన్ ఉమన్' తీసింది. 1930ల నాటి ఒక నల్లజాతి లెస్బియన్ నటి కోసం వెతుకులాట. పాత ఫోటోలు, ఇంటి రీళ్ళు అన్నీ చూపిస్తుంది. చివర్లో తెలుస్తుంది, ఆ నటి కల్పితం, ఆ ఫోటోలూ ఆ రీళ్ళూ అన్నీ తయారు చేయించినవే అని. వెతికితే దొరకలేదు, అందుకని చేసుకుంది. నాకైతే మోసపోయినట్టు అనిపించలేదు, ఒళ్ళు మాత్రం మండింది, ఇంత చేస్తే గానీ ఒక మనిషి రికార్డు లేదా అని.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, న్యాయమైనదే. చచ్చిపోయిన ఇద్దరు ఆడవాళ్ళు ఒకే ఇంట్లో ఉన్నంత మాత్రాన లెస్బియన్లని మీరెలా రాస్తారు? వాళ్ళు నిజంగా స్నేహితులే అయుండొచ్చు కదా? అయుండొచ్చు. అందుకే వాళ్ళ ఉత్తరాలూ, బతికున్నవాళ్ళ మాటా దొరకనప్పుడు ఆ గడి ఖాళీగా వదలాలి. కానీ 'ఫ్రెండు' కూడా ఊహే కదండీ. నల్ ఉండాల్సిన కాలమ్‌లో కుటుంబాలు డిఫాల్ట్ వాల్యూ పెట్టేశాయి, దాన్నే అందరం నిజమనుకుని రిపోర్టులు తీస్తున్నాం. మొదటి ఊహకి ఆధారాలు అడిగేవాళ్ళు రెండోదానికి కూడా అడగాలి.

మన ఇళ్ళకొస్తే సూపర్ 8 చూసినవాళ్ళు తక్కువ. మనవి పెళ్ళి వీడియో క్యాసెట్లు. మా అమ్మ ఇప్పటికీ క్యాసెట్లో ప్రతి మొహానికీ వరస చెప్తుంది. ఈయన మేనమామ, ఆవిడ తోడికోడలు, వీడు వేలు విడిచిన బావ. వరస లేనివాళ్ళొస్తే 'ఎవరో ఫ్రెండ్లే' అని ముందుకి జరిపేస్తుంది. ఒకే ఇంట్లో కాపురం ఉండే ఇద్దరమ్మాయిలకి మన దగ్గర వరస లేదు. 2018లో సుప్రీంకోర్టు 377 సెక్షన్ని పక్కన పెట్టింది గానీ, 2023లో పెళ్ళి హక్కు ఇవ్వడానికి ఒప్పుకోలేదు. అంటే విల్లు లేకపోతే అటకమీద పెట్టె ఇక్కడ ఇప్పటికీ మేనల్లుడిదే.

ఇంకో చిక్కు. 1985, 90ల నాటి ఆ టేపుల మీద అయస్కాంతపు పూత ఏళ్ళు గడిచేకొద్దీ దెబ్బతింటుంది. వీసీఆర్లు తయారు చేస్తున్న చివరి కంపెనీ, జపాన్‌లోని ఫునాయ్, 2016 జులైలో ఆపేసింది. డిజిటైజ్ చేయించేటప్పుడు అమ్మనో అత్తయ్యనో పక్కన కూర్చోబెట్టుకుని, ఆ 'ఎవరో ఫ్రెండ్' దగ్గర పాజ్ నొక్కి పేరడగండి. పేరు చాలు, వరస తర్వాత సంగతి.