వయొలెట్ క్విల్ గోష్ఠి: మైత్రియు వియోగమును

రాజాస్థానములందును ధనికుల మందిరములందును వెలసిన కవిగోష్ఠుల చరిత్రము పలు దేశముల సాహిత్యములందుఁ గానవచ్చుచున్నది. పోషకుఁడు లేక, పత్రిక లేక, ప్రకటిత సిద్ధాంతము లేక, కొలఁదిమంది మిత్రులు తమ యిండ్లలోఁ గూడి చదువుకొనిన గోష్ఠులు మాత్రము సాధారణముగా మఱపునఁ బడిపోవును. 1980 మార్చి మొదలు 1981 మార్చి వఱకు న్యూయార్కు నగరమున నడచిన ‘వయొలెట్ క్విల్’ అను గోష్ఠి యిట్టివానిలో నొకటి. ఊదావన్నె యీకకలమని యా పేరున కర్థము. సభ్యు లేడుగురు, సమావేశములు ఇంచుమించు ఎనిమిది. ఇంతకు మించి దానికి బాహ్యచరిత్రము లేదు.

ఐనను అమెరికాదేశమున స్వలింగప్రేమికుల జీవితమును వర్ణించిన కల్పనాసాహిత్యపు చరిత్రమును వ్రాయువారు దీనిని విడువఁజాలకున్నారు. ఇందులకుఁ గారణము కొంత యా రచయితల గ్రంథములందును, కొంత యా గోష్ఠి ముగిసిన పిమ్మట వారికి సంభవించిన దానియందును గలదు. ఒకరి రచనల నొకరు వినుటకుఁ గూడిన మిత్రులు కొన్ని సంవత్సరములలోనే యొకరి రచనల కొకరు కాపరులు కావలసివచ్చెను. ఆ మార్పే యీ గోష్ఠి చరిత్రమునకుఁ బ్రాణము.

దీని విలువ తెలియుటకు ముందున్న స్థితిని స్మరింపవలెను. 1948లో గోర్ విడాల్ ‘ది సిటీ అండ్ ది పిల్లర్’ అను నవలను, 1956లో జేమ్స్ బాల్డ్విన్ ‘జియోవానీస్ రూమ్’ అను నవలను బ్రకటించిరి. బాల్డ్విన్ మొదటి నవలను ముద్రించిన నాఫ్ సంస్థ దీనిని నిరాకరింపఁగా డయల్ ప్రెస్ వారు స్వీకరించిరి. లాస్ ఏంజిలిస్ నుండి వెలువడుచుండిన ‘వన్’ అను పత్రికయొక్క 1954 అక్టోబరు సంచికను తపాలాధికారి యశ్లీలమని నిలిపివేసెను. పత్రికవారు క్రింది న్యాయస్థానములు రెంటను ఓడిపోయి, తుదకు 1958 జనవరిలో సుప్రీంకోర్టునందు గెలిచిరి. స్వలింగప్రేమను గూర్చి వ్రాసినంత మాత్రమున నొక పత్రిక తపాలాలోఁ బోరాదను నిర్బంధ మంతటితోఁ దొలఁగెను.

ముద్రణకుఁ ద్రోవ యేర్పడినను రచయితయుఁ బాఠకుఁడును ఒకరి నొకరు గుర్తించుటకుఁ జోటు వెంటనే యేర్పడలేదు. 1967లో క్రెయిగ్ రాడ్వెల్ అను నతఁడు న్యూయార్కున ఆస్కార్ వైల్డ్ పేర నొక పుస్తకవిక్రయశాలను దెఱచెను. 1969 జూనులో స్టోన్‌వాల్ అను పానశాలపైఁ బోలీసులు పడినప్పు డచటివారు తిరుగఁబడిరి. 1976లో ‘క్రిస్టఫర్ స్ట్రీట్’ అను మాసపత్రిక వెలసెను. మఱుసటి యేఁడు ఫెలీస్ పికానో ‘సీహార్స్ ప్రెస్’ అను చిన్న ప్రచురణసంస్థను స్థాపించెను. 1978లో ఆండ్రూ హోలరన్ రచించిన ‘డాన్సర్ ఫ్రమ్ ది డాన్స్’, ఎడ్మండ్ వైట్ రచించిన ‘నాక్టర్న్స్ ఫర్ ది కింగ్ ఆఫ్ నేపుల్స్’, లారీ క్రామర్ రచించిన ‘ఫాగట్స్’ అను నవలలు మూఁడును ఒకే యేఁట వెలువడెను. అంతవఱకు విడివిడిగా నుండిన పాఠకులొక సమూహముగా నగపడసాగిరి.

ఇట్టి కాలమున నీ యేడుగురును గలిసికొనిరి. వారు ఎడ్మండ్ వైట్, ఫెలీస్ పికానో, ఆండ్రూ హోలరన్, రాబర్ట్ ఫెర్రో, మైకేల్ గ్రమ్లీ, జార్జి విట్‌మోర్, క్రిస్టఫర్ కాక్స్ అనువారు. ఫెర్రో, గ్రమ్లీ, హోలరన్ మువ్వురును అయోవా విశ్వవిద్యాలయపు రచనాశిక్షణాలయమున 1960లనాఁటి సహాధ్యాయులు. ఫెర్రో, గ్రమ్లీ లిరువు రప్పటినుండి జీవితసహచరులై, 1970లో అట్లాంటిస్ ద్వీపాన్వేషణమును గూర్చి యొక గ్రంథమును గలిసి రచించిరి. హోలరన్ అనునది కలము పేరు. తక్కినవారిలోఁ గొందఱికి గ్రంథకర్తలుగా నప్పటికే పేరు గలదు. కొందఱి మొదటి నవల యింకను వ్రాతప్రతిగానే యుండెను.

సమావేశములు సభ్యుల యిండ్లలో వంతులవారీగా జరిగెను. ఒక్కొకనాఁ డిద్దఱో ముగ్గురో తాము వ్రాయుచున్న దానిని జదువుచుండిరి. తక్కినవారు విని యభిప్రాయము చెప్పుచుండిరి. పఠనము ముగిసిన పిదప గృహస్థు మిఠాయిలు వడ్డించుట మర్యాద. వైట్ రచించిన ‘ఎ బాయ్స్ ఓన్ స్టోరీ’ (1982), ఫెర్రో రచించిన ‘ది ఫ్యామిలీ ఆఫ్ మాక్స్ డిజైర్’ (1983) అను నవలలలోని భాగము లచ్చుపడకముం దీ మిత్రుల చెవినిఁ బడెను.

ఈ యేడుగురిని ఒక సాహిత్యశాఖగా నెంచుట సరికాదు. వైట్ రచన యలంకారభూయిష్ఠము; హోలరన్ రచన విషాదగర్భమైన పరిహాసము; పికానో కథాకథనమున నేర్పరి; విట్‌మోర్ పత్రికారచయితవలె నిరాడంబరుఁడు. ఫెర్రో దృష్టి యిటలీనుండి వచ్చి స్థిరపడిన తన పూర్వుల కుటుంబములవంటి పెద్దకుటుంబములమీఁదను, వానియందు స్వలింగప్రేమికుఁడైన కుమారునకుఁ గల స్థానముమీఁదను నిలిచెను. వీరిని గలిపినది శైలి గాదు, శ్రోత. పూర్వపు నవలలు పెక్కింటఁ బాత్రలు తాము పుట్టినందులకు సంజాయిషీ చెప్పుకొనుచున్నట్లుండును. ఏలయన నా రచయిత తన్ను శంకించు పాఠకుని మనస్సునందుంచుకొని వ్రాసెను. ఈ గోష్ఠియం దట్టి సంజాయిషీతోఁ బనిలేదు. వినువారికి లోకస్థితి తెలియును. కాఁబట్టి వాక్యము బాగుగనున్నదా, పాత్ర సజీవముగనున్నదా యను ప్రశ్నలకుఁ దీరిక దొరికెను. రచయితకు స్వస్థాన మనఁగా నిదియే.

ఆ స్థానము నిష్కంటకమును గాదు. ఏడుగురి జీవితములు నొకదానితో నొకటి పెనవేసికొని యుండుటచే నొకరి యనుభవ మింకొకరి కథయందుఁ గానవచ్చుచుండెను. అందఱకుఁ దెలిసిన సంగతిని ముందు వ్రాయుహక్కు ఎవరిదను స్పర్ధ పుట్టెను, మనస్తాపములు గలిగెను. 1981 మార్చి నెలతో సమావేశములు నిలిచిపోయెను. న్యూయార్కు రాష్ట్రపు ఉన్నతన్యాయస్థానము ఏకాంతమున జరుగు స్వలింగసంపర్కమును నేరముగా నెంచు చట్టము చెల్లదని 1980 డిసెంబరులోఁ దీర్పు చెప్పియుండెను. అనఁగా గోష్ఠి మొదలగునప్పటికి నేరస్థులుగా నెంచఁదగియుండిన యీ పౌరులు గోష్ఠి ముగియునప్పటికిఁ గేవలము పౌరులైరి. స్వేచ్ఛ చేతికందిన దినములవి.

మూఁడు మాసములు గడచెను. 1981 జూను 5వ తేదీని అమెరికా వ్యాధినిరోధక కేంద్రముల వారపత్రిక లాస్ ఏంజిలిస్ నగరమున నైదుగురు యువకులకు సోఁకిన యరుదైన శ్వాసకోశవ్యాధిని బ్రకటించెను. ఎయిడ్స్ అని పిమ్మటఁ బేరొందిన మహమ్మారికి నదియే మొదటి ముద్రితవార్త. 1982 జనవరిలో న్యూయార్కున రోగుల సహాయార్థము ‘గే మెన్స్ హెల్త్ క్రైసిస్’ అను సంస్థ వెలసెను. దాని స్థాపకులలో వైట్ ఒకఁడు, తొలి యధ్యక్షుఁడు. 1983లో నతఁడు పారిస్ నగరమునకుఁ దరలిపోయెను. 1985లోఁ దనకును ఆ వ్యాధిబీజము సోఁకినదని యతనికిఁ దెలిసెను.

విట్‌మోర్ చేసిన పని ప్రత్యేకముగాఁ బేర్కొనఁదగినది. అతఁడు 1985లో న్యూయార్కు టైమ్స్ వారి యాదివారపు పత్రికయం దొక రోగిని, అతనికిఁ దోడ్పడు స్వచ్ఛందసేవకుని గూర్చి వ్యాసము వ్రాసెను. 1988 జనవరిలో నదే పత్రికయందుఁ దానును రోగినేయని ప్రకటించెను. అంతవఱకుఁ బరుల బాధకు సాక్షిగా నుండినవాఁడు తన బాధకును సాక్షి యయ్యెను. రోగులను, తల్లులను, ఆస్పత్రి సేవకులను జిత్రించిన యతని ‘సమ్‌వన్ వాజ్ హియర్’ అను గ్రంథ మా యేఁడే వెలువడెను. 1989 ఏప్రిలులో నతఁడు మరణించెను.

అంతకు ముందే ఫెర్రో, గ్రమ్లీలు గతించిరి. గ్రమ్లీ 1988 ఏప్రిలు 28వ తేదీని మరణింపఁగా, రెండున్నర నెలలు నిండకముందే జూలై 11వ తేదీని ఫెర్రో యతని ననుసరించెను. ఫెర్రో తుదినవల ‘సెకండ్ సన్’ ఆ యేఁడే ప్రకటితమయ్యెను. ప్రేమికులైన యిరువురు రోగులను గూర్చిన యా గ్రంథమున వ్యాధి పేరు మాత్ర మెచ్చటను జెప్పఁబడలేదు. 1990 సెప్టెంబరులో కాక్స్ మృతి నొందెను. ఇట్లు ముప్పది నెలలలోపల నేడుగురిలో నలువురు పోయిరి. వ్యాధి నదుపులో నుంచు సమ్మిశ్రచికిత్స 1996లోఁగాని వాడుకకు రాలేదు.

మిత్రుని మరణ మెవ్వరికైనను దుఃఖకరమే. రచయితకు మాత్ర మందులో నింకొక నష్టము గలదు. ఎవరి చెవిని మనస్సునందుంచుకొని వాక్యమును గూర్చునో, ఆ చెవియే మూసికొనిపోవును. 1983లో రెండవ నవలను బ్రకటించిన హోలరన్ మూఁడవదానిని 1996లోఁగాని వెలువరింపలేదు. నడుమ నతఁడు క్రిస్టఫర్ స్ట్రీట్ పత్రికకు వ్యాసములు వ్రాసెను. మహమ్మారినాఁటి న్యూయార్కును జిత్రించు నవి 1988లో ‘గ్రౌండ్ జీరో’ అను పేర గ్రంథమయ్యెను. వైట్ 1987లో ‘ఎస్థెటిక్స్ అండ్ లాస్’ అను వ్యాసమున నింత మరణము నడుమఁ గళ యెట్లుండవలెనని విచారించెను.

దుఃఖముతోఁ బాటు పని యొకటి పైఁబడెను. సాధారణముగా గతించిన రచయిత కాగితములు భార్యాపుత్రులకుఁ జేరును. ఈ రచయితల సహచరులకు నాఁడు చట్టమున బంధుత్వము లేదు. గతించినవాని సహచరుఁడు గూడఁ గుటుంబసభ్యుఁడే యనియు, అద్దెయింటి నుండి యతనిని వెడలఁగొట్టరాదనియు న్యూయార్కు ఉన్నతన్యాయస్థానము తీర్పుచెప్పినది 1989లో. ఆ రాష్ట్రమున స్వలింగవివాహము చట్టసమ్మతమైనది 2011లో. ఇష్టపడని బంధువుల చేతఁ బడిన కాగితములు దాఁచఁబడుటయో నాశమగుటయో సంభవింపవచ్చును. కాఁబట్టి యీ సాహిత్యమునకు వారసత్వ మనఁగా మైత్రియే.

ఆ వారసత్వమును మిత్రులు చెల్లించిరి. గ్రమ్లీ జీవితకాలమున వెలువడని ‘లైఫ్ డ్రాయింగ్’ అను నవల 1991లో వైట్ పీఠికతోఁ బ్రకటితమయ్యెను. ఫెర్రో, గ్రమ్లీల జంటపేర నొక సాహిత్యబహుమానము నెలకొల్పఁబడి 1990 నుండి ఈయఁబడెను. సభ్యులలోఁ బలువురి వ్రాతప్రతులు, దినచర్యలు, ఉత్తరములు యేల్ విశ్వవిద్యాలయపు బైనెకీ గ్రంథాలయమునఁ జేరెను. డేవిడ్ బెర్గ్మన్ అను పండితుఁడు 1994లో వీరి రచనల సంకలనమును, 2004లో ‘ది వయొలెట్ అవర్’ అను చరిత్రమును బ్రకటించెను.

గోష్ఠి పరిమితిని సైతము చెప్పవలసియున్నది. ఏడుగురును శ్వేతజాతీయులు, విద్యావంతులు. నల్లజాతి రచయితల కా ముంగిటఁ జోటు లేదు; వారు తమ స్థానమును దామే కట్టుకొనిరి. ఫిలడెల్ఫియా వాసి జోసెఫ్ బీమ్ 1986లో నల్లజాతి స్వలింగప్రేమికుల రచనలను ‘ఇన్ ది లైఫ్’ అను పేర సంకలనము చేసెను. రెండవ సంకలనము సగముననుండఁగా 1988 డిసెంబరులో నతఁడు మరణించెను. కవియుఁ, బీమ్ మిత్రుఁడు నగు ఎసెక్స్ హెంఫిల్ ఆ పనికిఁ బూనుకొని, మృతుని తల్లి డొరొతీ బీమ్ తోడ్పాటున దానిని బూర్తిచేసి 1991లో ‘బ్రదర్ టు బ్రదర్’ అను పేరఁ బ్రకటించెను. హెంఫిల్ కూడ 1995లో ఆ వ్యాధితోనే మరణించెను. జాతులు వేఱైనను మైత్రిధర్మ మొక్కటే. ఇచ్చటఁ దల్లియు నా ధర్మమునఁ బాలుగొనుట విశేషము.

1997లో వైట్ ‘ది ఫేర్‌వెల్ సింఫొనీ’ అను నవలను బ్రకటించెను. ఆ పేరు ఆస్ట్రియాదేశపు సంగీతకర్త హైడన్ 1772లోఁ గూర్చిన వాద్యప్రబంధమునుండి గ్రహింపఁబడినది. దాని తుదిభాగమున వాద్యకారు లొక్కొక్కరే తమ దీపము నార్పి వేదిక విడిచిపోవుదురు. తుద కిద్దఱు వయొలిన్ వాద్యకారులు మాత్రము మిగులుదురు. ఈ గోష్ఠి చరిత్రమును నట్లే నడచెను. 2025 మార్చిలో పికానో, జూనులో వైట్ కాలధర్మము నొందిరి; ఒకరు ఎనుబది దాఁటి, ఒకరు ఎనుబదియైదేండ్ల ప్రాయమున. యౌవనమునఁ బోయిన మిత్రులకు లభింపని వార్ధక్యము వీరికి లభించెను.

ఏడుగురిలోఁ జివరకు హోలరన్ మిగిలెను. 2022లో వెలువడిన యతని ‘ది కింగ్‌డమ్ ఆఫ్ శాండ్’ అను నవల ఫ్లోరిడా రాష్ట్రపు చిన్నపట్టణమున నొక వృద్ధుఁడు తనకంటెఁ బెద్దవాఁడైన మిత్రుని తుదిదినములను గనిపెట్టుచుండుటను వర్ణించుచున్నది. నలువది రెండేండ్లకు ముందు న్యూయార్కు గదులలోఁ గూర్చుండి వినుచుండినవాఁడు, వినువారు తొలఁగిపోయిన పిమ్మటను వ్రాయుట మానలేదు. ఎనిమిది సమావేశముల గోష్ఠికి నిలిచిన ఫల మదియే.