పాత గడప, కొత్త ఇల్లు



పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకుంటున్నామంటే మనకెంత సంబరం! కూల్చిన మన్నూ, పెచ్చులూ, రాళ్ళూ లారీకెత్తి ఊరవతల ఏ చెరువు గట్టునో పోయించేస్తాం. ఆ తర్వాత దాని ఊసే ఎత్తం. కానీ మన కర్నూలు, కడప సీమలో ఒకప్పుడు ఇల్లు విప్పితే పారేసేది చాలా తక్కువగా ఉండేది. ఆ సంగతే ఈవేళ చెప్పుకుందాం.

మన మట్టిమిద్దెను ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. రాతిగోడలు, వాటిమీద దూలాలు, దూలాలపైన దంతెలు, ఆపైన నాపబండలో చెక్కలో పరిచి మన్ను, అన్నిటికీ పైన చౌడు. పైరు పండని చౌటిమన్ను దేనికీ పనికిరాదనుకుంటాం కదూ? అందులో సోడియం ఉప్పులు ఎక్కువ. తడి తగలగానే ఆ మన్ను విడిపోయి సన్నని సందులన్నీ పూడ్చేస్తుంది. నీళ్ళు సులువుగా కిందికి దిగవు. రైతు వద్దన్న మన్నే ఇల్లాలికి కప్పయిందన్నమాట! వానలకు ముందు కాస్త కొత్త చౌడు పోసుకుంటే ఆ ఏటికి గండం గడిచినట్టే.

ఇక రాయి సంగతి. మన ప్రాంతపు శిలల గురించి 1872లోనే విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు పెద్ద గ్రంథం రాశాడు. నాపరాయి అంటే ఎన్నో కోట్ల ఏళ్ళ కిందట నీటి అడుగున పొరలు పొరలుగా పేరుకున్న సున్నపురాయి. అందుకే పలకలుగా విడివస్తుంది. మంచి పలకలు బేతంచెర్ల వంటిచోట్ల నునుపు తేలి నగరాలకు పోతాయి. విరిగినవి, వంకరవి గనుల పక్కనే గుట్టలు పడతాయి. ఆ ముక్కలతోనే పల్లెవాళ్ళు గోడలు పేర్చుకున్నారు, దొడ్లకు కంచెలు నాటుకున్నారు.

ఈ పొదుపుకు అసలైన పరీక్ష శ్రీశైలం ఆనకట్టతో వచ్చింది. 1981 నాటికి కృష్ణ, తుంగభద్రల ఒడ్డున వందకు పైగా గ్రామాలు ఖాళీ అయ్యాయి. సుమారు లక్షమంది ఊళ్ళు విడిచారు. మునిగిపోయే గుళ్ళను మాత్రం పురావస్తు శాఖలు శ్రద్ధగా విప్పించాయి. రాయి రాయికీ అంకె వేసి, కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలంపురంలో తిరిగి నిలబెట్టారు. అంతకుముందు 1964–68 మధ్య ఈజిప్టులో అబూ సింబెల్ ఆలయాన్ని కూడా ఇలాగే కోసి, పైకి తరలించారు. దాన్ని ప్రపంచమంతా మెచ్చుకుంది.

మరి మనుషుల ఇళ్ళకు అంకెలు వేసిందెవరు? ఎవరూ లేరు. తలుపులు, దూలాలు, బండలు ఎవరికి చేతనైనంత వారు విప్పుకుని బండ్లకెత్తుకున్నారు. ఏ దంతె ఏ గదిదో, ఏ బండ పొయ్యి పక్కదో ఆ ఇంటి ఆడవాళ్ళకు అంకెలు లేకుండానే తెలుసు. అయినా అన్నీ రాలేదు సుమా! గోడల మన్ను, పెరటి చెట్టు, చేదబావి నీటి అడుగునే ఉండిపోయాయి. తెచ్చుకున్న ఆ గడపే కొత్తచోట పాత ఊరికి మిగిలిన గుర్తు.

ఇదంతా విని మట్టిమిద్దెలో లోపాలే లేవనుకోకండి. ముసురు పడితే కారుతుంది. 2009 అక్టోబరులో కర్నూలును వరద ముంచెత్తినప్పుడు మట్టితో కట్టిన గోడలు ఎన్నో కూలిపోయాయి. కాబట్టి మళ్ళీ అందరూ మిద్దెలే కట్టుకోమని నేననను. కానీ ఆ మిద్దె విప్పితే కొయ్య ఇంకో ఇంటికి, రాయి ఇంకో గోడకు, మన్ను మళ్ళీ నేలకు చేరేవి. మన సిమెంటు ఇల్లు అంత సులువుగా విడిపోదు. ఆ శిథిలాల బెడద ఎంత పెరిగిందంటే, 2016లో కేంద్ర ప్రభుత్వం వాటికోసం విడిగా నియమాలే చేయవలసి వచ్చింది.

మా పుట్టింటి పాత తలుపు ఇప్పుడు మా ఇంట్లో భోజనాల బల్ల. కడప బండ ముక్కలు తులసికోట చుట్టూ అరుగయ్యాయి. మీరూ ఇల్లు పడగొట్టించే ముందురోజు మేస్త్రీ కన్నా ముందుగా మీరొకసారి ఇల్లంతా తిరిగి చూడండి. ఏది పారెయ్యాలో అతనికి తెలుసు. ఏది దాచుకోవాలో చెప్పవలసింది మాత్రం మీరే!

సెలవు.