రేవు నుంచి షికారుకు: గోదావరి సాయంత్రపు పడవ పుట్టుపూర్వోత్తరాలు

రాజమహేంద్రవరం ఘాట్ల దగ్గర ఎండ చల్లబడే వేళకు బోట్లు జనాన్ని ఎక్కించుకుని ఏట్లోకి సాగుతాయి. హేవలాక్ వంతెన స్తంభాల వైపో, నది నడుమ లంక వైపో వెళ్ళి, కాసేపు నీళ్ళ మీద తిప్పి, పుష్కర ఘాట్‌లో హారతి వేళకు ఒడ్డుకు చేరుస్తాయి. కడియం నర్సరీలు చూడవచ్చిన పొరుగూరి వాళ్ళు చాలామంది ఆ రోజును ఈ షికారుతోనే ముగిస్తారు. పర్యాటక శాఖలు పుట్టాక వచ్చిన కొత్త వేడుకగానే దీన్ని అందరూ చూస్తారు. దీని పుట్టుక అంతకన్నా పాతదని, పొలానికి నీళ్ళివ్వడానికి కట్టిన ఆనకట్టలోను, ఊరూరికీ మనుషుల్ని మోసిన పడవల్లోను దాని మూలం ఉందని నా వాదన. వంతెనలు వచ్చి పని పోగొట్టుకున్న రవాణా పడవే సాయంత్రపు షికారుగా మిగిలింది. ఈ సంగతి ఒప్పుకుంటే, ఆ షికారును ఇవాళ ఎలా నడపాలన్న ప్రశ్నకు జవాబు కూడా మారుతుంది.

దీనికి మొదట వచ్చే అభ్యంతరం ఒకటుంది. నీళ్ళ మీద విలాసం మనకు కొత్తా? ప్రబంధాల అష్టాదశ వర్ణనల్లో జలక్రీడ ఒకటి. భద్రాచలంలో ముక్కోటికి ముందు రోజు సాయంత్రం రామయ్యకు గోదావరిలో హంసవాహనం మీద తెప్పోత్సవం ఇప్పటికీ జరుగుతుంది. మరి షికారు పుట్టుకను రాజుల విహారంలోనో, గుడి ఉత్సవంలోనో వెతకాలి కదా అనవచ్చు. నీటి మీద ఆనందించే మనసు పాతదే, కాదనలేం. కానీ సాయంత్రపు షికారుకు ఆ మనసొక్కటే చాలదు. దానికి మూడు లక్షణాలున్నాయి: డబ్బిచ్చిన ఎవరైనా ఎక్కవచ్చు, రోజూ ఒక వేళకు నడుస్తుంది, నడిపేవాడికి అది బతుకుతెరువు. రాజుగారి నావలో మామూలు మనిషికి చోటు లేదు. తెప్పోత్సవం ఏడాదికొకసారి దేవుడి కోసం జరుగుతుంది. ఈ మూడు లక్షణాలూ కలిసి ఉన్నది రేవు పడవలోనే. వేలం పాట పాడి రేవు దక్కించుకున్నవాడు, మనిషికింతని పుచ్చుకుని, డబ్బిచ్చినవాళ్ళను దాటించేవాడు. షికారు బోటుకు రూపమిచ్చింది ఆ ఏర్పాటే.

ముందు నీటి సంగతి చూద్దాం. గోదావరి వానకాలపు నది. వర్షాకాలంలో కట్టలు తెంచుకునేంత వరద, ఎండాకాలంలో మైళ్ళ కొద్దీ ఇసుక, నడుమ సన్నని పాయలు. అలాంటి నదిలో ఏడాది పొడవునా విహారానికి వీలుండదు. 1832-33లో వచ్చిన డొక్కల కరువు సర్కారు జిల్లాలను పీల్చి పిప్పి చేశాక, నదిని ఆపితే తప్ప డెల్టా బతకదని సర్ ఆర్థర్ కాటన్ 1840ల్లో ప్రభుత్వాన్ని ఒప్పించాడు. 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852కు పూర్తయింది. లంకల వల్ల చీలిన నదిపై దాన్ని ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా కట్టారు. ఆ పనిలో కాటన్‌కు అండగా నిలిచిన వీణం వీరన్న పేరు కూడా ఈ కథలో చెప్పుకోవలసిందే. పాత ఆనకట్ట స్థానంలో 175 తలుపులతో కట్టిన బ్యారేజీ 1982లో పూర్తయింది. ఆనకట్ట అయినా బ్యారేజీ అయినా, కట్టింది కాలువలకు నీళ్ళు ఎక్కించడానికి. అయితే ఎక్కించాలంటే ముందు నిలపాలి. అలా నిలిచిన నీరు ఎగువన ఎనిమిది కిలోమీటర్ల లోపే ఉన్న రాజమహేంద్రవరం ఘాట్ల దాకా విస్తరించి, పారే నదికి చెరువు నెమ్మదిని ఇచ్చింది. ఎండాకాలంలో బ్యారేజీకి దిగువన ఇసుక తేలిన పాయను, ఎగువన పరుచుకున్న నీటిని ఒకే రోజు చూస్తే ఈ మాటకు వేరే రుజువు అక్కర్లేదు.

ఇది గోదావరికి మాత్రమే పరిమితమైతే కాకతాళీయం అనుకోవచ్చు. కానీ కృష్ణలోనూ ఇదే కథ. బెజవాడ దగ్గర 1850ల్లోనే ఆనకట్ట వచ్చింది. దాని తరవాత 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. భవానీ ద్వీపానికి బోట్లు తిరిగేది ఆ బ్యారేజీ ఎగువన నిలిచిన నీటిలోనే. హైదరాబాదులో షికారు జరిగే హుస్సేన్‌సాగర్ కూడా 16వ శతాబ్దంలో కట్ట వేసి నిలిపిన చెరువే. సాయంత్రపు షికారు జరిగే ఈ మూడు చోట్లా ఎవరో సాగుకోసమో తాగడానికో నీటిని ఆపారు. విహారం ఆ పని తరవాత వచ్చింది.

ఇక పడవల సంగతి. కాటన్ కాలువలను పొలాలకు నీళ్ళు పారించడానికి మాత్రమే తవ్వించలేదు. రైలు కన్నా నీటి రవాణా చవక అని ఆయన జీవితమంతా వాదించాడు. అందుకే డెల్టా ప్రధాన కాలువలకు లాకులు కట్టారు. ఎత్తు మారే చోట పడవను గదిలాంటి తొట్టిలోకి చేర్చి, నీరు నింపో తీసో పైకి, కిందికి పంపే ఏర్పాటది. ధవళేశ్వరం నుంచి బయలుదేరిన తూర్పు ప్రధాన కాలువ కడియం మీదుగా సాగి, కాకినాడ దాకా పడవల దారి అయింది. పడమటి గట్టున ఏలూరు కాలువ కృష్ణ దాకా, అక్కడి నుంచి కొమ్మమూరు కాలువ, బకింగ్‌హామ్ కాలువ మద్రాసు దాకా కలిపాయి. ధాన్యం, కలప, ఉప్పు, మనుషులు అన్నీ ఆ దారినే నడిచాయి. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గెడ, అదీ కుదరకపోతే భుజాన మోకు వేసుకుని గట్టు వెంట లాగే మనుషులు. పాలగుమ్మి పద్మరాజు ‘పడవ ప్రయాణం’ అనే కథ రాయగలిగారంటే, అలాంటి ప్రయాణం పాఠకుల రోజువారీ అనుభవం కావడమే కారణం. నదిపై మాత్రం కాటన్ కల సగంలో ఆగింది. దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, లాకులు కట్టి ఎగువ గోదావరిని మధ్య భారతం దాకా నౌకామార్గం చేయాలన్న ప్రయత్నాన్ని ప్రభుత్వం 1871లో విరమించింది. రాజమహేంద్రవరం నుంచి ఏజెన్సీ ఊళ్ళకు, భద్రాచలానికి లాంచీలు మాత్రం ఆ తరవాత కూడా తరాల పాటు నడిచాయి.

ఆ పడవకు పని పోగొట్టింది వంతెన. 56 స్పాన్‌ల హేవలాక్ వంతెన మీద 1900లో రైలు గోదావరి దాటింది. అయినా రోడ్డుకు దారి లేదు. రాజమహేంద్రవరం, కొవ్వూరుల నడుమ రైలెక్కనివాళ్ళకు పడవో లాంచీయో పంటో తప్ప గతి లేదు. 1974లో రోడ్డు-రైలు వంతెన వచ్చాక ఆ అవసరం కూడా తీరింది. కాలువ గట్లు రోడ్లయ్యాయి, బస్సులూ లారీలూ పడవ మోసిన బరువును తీసుకున్నాయి. చేతిలో రేవు ఉండి, కింద నీళ్ళుండి, నడపడం తెలిసిన సరంగులుండి, దాటాల్సిన జనం మాత్రం లేని పరిస్థితి వచ్చింది. పారిస్‌లో సెన్ నదిపై జరిగిందీ ఇదే. అక్కడి బాతో మూష్ బోట్లు 1867 ప్రపంచ ప్రదర్శన వేళ జనాన్ని చేరవేయడానికి వచ్చాయి. 1900లో మెట్రో రైలు మొదలయ్యాక వాటి అవసరం తగ్గుతూ పోయింది. రెండో ప్రపంచయుద్ధం తరవాత 1949లో అదే పేరుతో విహార బోట్లు పుట్టాయి. దాటవలసిన అవసరం పోయాకే నదిని చూడాలన్న కోరిక టికెట్టుగా మారుతుంది. గోదావరికి ఇది బయటి నుంచి అరువు తెచ్చుకున్న ఆలోచన కాదనడానికి ఈ పోలిక చాలు. ఒకే కారణం రెండు చోట్ల ఒకే ఫలితాన్నిచ్చింది.

ఆ కోరికను తెలుగువాళ్ళలో పెంచింది సినిమా. బాపు, ముళ్ళపూడి వెంకటరమణల ‘అందాల రాముడు’ 1973లో రాజమహేంద్రవరం నుంచి భద్రాచలానికి లాంచీ ప్రయాణాన్నే కథగా చేసుకుంది. సరిగ్గా మరుసటి ఏడాదే రోడ్డు వంతెన తెరుచుకుంది. 2006లో శేఖర్ కమ్ముల ‘గోదావరి’ అదే ప్రయాణాన్ని కొత్త తరానికి చూపింది. మొదటి సినిమా నాటికి లాంచీ ఇంకా బతుకు వాహనం. రెండో దాని నాటికి పాపికొండల పర్యాటకం. ఇప్పుడు ఆ పొడవాటి దారి కూడా మారింది. పోలవరం ప్రాజెక్టు నిర్మాణంతో నది అడ్డంగా తెగింది. పాపికొండలకు వెళ్ళేవాళ్ళు రోడ్డు మీద ఎగువకు చేరి అక్కడ బోటెక్కుతున్నారు. నగరపు రేవులో ఎక్కి భద్రాద్రిలో దిగే దారి మూసుకుపోయాక, పోలవరానికీ ధవళేశ్వరానికీ నడుమ మిగిలిన నీటిలో రాజమహేంద్రవరానికి దక్కింది ఈ కాసేపటి షికారే. దీన్ని చిన్నచూపు చూడకూడదనడానికి అదొక కారణం. నూట డెబ్భై ఏళ్ళ జలరవాణాకు ఇది నగరంలో మిగిలిన చివరి వారసత్వం.

రెండో అభ్యంతరం బరువైనది. ఇన్ని ప్రాణాలు తీసిన షికారు మనకెందుకు? 2017 నవంబరు 12న కృష్ణలో పవిత్ర సంగమానికి సాయంత్రం బయలుదేరిన అనుమతి లేని బోటు బోల్తాపడి 20 మందికి పైగా మరణించారు. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర పాపికొండల బోటు మునిగి 50 మందికి పైగా పోయారు. ఆ కుటుంబాల ముందు చరిత్ర గొప్పలు చెప్పడం ఎవరికీ తగదు. కానీ చరిత్ర ఇక్కడ చెప్పేది గొప్ప కాదు, లోపం. షికారు బోటు రవాణా పడవ నుంచి నీటినీ రేవునూ జనాన్నీ తీసుకుంది. క్రమశిక్షణను తీసుకోలేదు. లాకుల దారిలో వెళ్ళే పడవ ప్రతి లాకు దగ్గరా ఒక మనిషి కళ్ళబడక తప్పేది కాదు. సరంగు ఏ మలుపులో సుడి ఉందో, ఏ రాయి ఏ నీటిమట్టంలో మునుగుతుందో ఎరిగినవాడు. రోజూ అదే దారిలో పోయేవాడికి ఆ జ్ఞానం పుస్తకం లేకుండానే అబ్బుతుంది. సెలవుల రద్దీకి మాత్రమే నడిచే బోటుకు అది రాదు.

ఇందులో ఒక సాంకేతిక విషయాన్ని ప్రత్యేకంగా గమనించాలి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అప్పటికి ప్రవాహం సుమారు 10 లక్షల క్యూసెక్కులు. కచ్చులూరు ప్రమాదం నాటి ప్రవాహం దాదాపు అందులో సగమే. అంటే ఒడ్డున, లంకల్లో ఉన్నవాళ్ళ కోసం పెట్టిన కొలత బోటులో ఉన్నవాడిని కాపాడదు. బోటుకు వేరే హద్దు కావాలి, అది చాలా తక్కువలోనే మొదలు కావాలి, ఘాట్‌లో అందరికీ కనిపించేలా రాసి ఉండాలి. 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో దేశీయ నౌకల చట్టం కొత్తగా వచ్చింది. రిజిస్ట్రేషన్, తనిఖీ, బీమా అన్నిటికీ అందులో చోటుంది. కచ్చులూరు తరవాత రాష్ట్రంలో బోటు మార్గాలకు కంట్రోల్ రూములూ వచ్చాయి. కావలసింది ఆ నియమాలు రద్దీ రోజున కూడా నిలబడడం. బ్యారేజీ తలుపులు దించి నీరు నిలిచి ఉన్న కాలంలో, ఒడ్డు కనుచూపులో ఉండే దూరంలో, లైఫ్ జాకెట్టు తొడిగాకే కదిలే షికారు భయపడవలసినది కాదు. వరద కాలంలో అదే షికారును నిలిపేయడం నష్టం కాదు, నదిని నదిగా గుర్తించడం.

ఈ వాదన కడియానికి వచ్చేసరికి మరింత స్పష్టమవుతుంది. కడియం, కడియపులంక, బుర్రిలంక నర్సరీలు కాలువ నీటి బిడ్డలే. ఒకప్పుడు పడవలు నడిచిన ఆ కాలువలో చిన్న పడవలతో పూలతోటల నడుమ సాయంత్రపు షికారు నడపవచ్చు. సాగునీటి కాలువలో విహారమేమిటి, గట్లు కోసుకుపోవా, రైతుకు నీరు అందొద్దా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఈ కాలువలు పడవల కోసం కూడా తవ్వినవే కాబట్టి వెడల్పు, లోతు మొదటి నుంచీ లెక్కలో ఉన్నాయి. గట్టును కోసేది పడవ కాదు, ఇంజను వేగం రేపే అల. గెడతోనో, బ్యాటరీతోనో నెమ్మదిగా నడిచే పడవకు ఆ అల ఉండదు. వేసవిలో మరమ్మతులకు కాలువలు కట్టేసినప్పుడు షికారూ ఆగాలి. కడియానికి సందర్శకులు ఎక్కువగా వచ్చే చలికాలంలో, సంక్రాంతి రోజుల్లో కాలువలో నీరు ఎలాగూ ఉంటుంది. పైగా కాకినాడ, ఏలూరు కాలువలను 2008లోనే 4వ జాతీయ జలమార్గంలో చేర్చారు. కాగితం మీద ఉన్న ఆ హోదాకు మనుషులు తిరిగే రూపం రావడం మేలే. ఇంకో లాభం కూడా ఉంది. ఎవరూ చూడని కాలువ మురుగు తూములకు, చెత్తకు చిరునామా అవుతుంది. రోజూ జనం చూసే నీటిని పాడు చేయడం అంత సులభం కాదు.

2027లో గోదావరికి మళ్ళీ పుష్కరాలు. 1997లో రైళ్ళు ఆగిపోయిన హేవలాక్ వంతెనను సందర్శన స్థలంగా మార్చే పనికి, ఘాట్ల అభివృద్ధికి అఖండ గోదావరి పేరుతో 2025లో శంకుస్థాపన జరిగింది. కొత్త బోట్లు, కొత్త దీపాలు వస్తాయి. అవి రావలసిందే. కానీ ఖర్చు లెక్క వేసేటప్పుడు మొదటి పద్దు బోటు మీద పెట్టకూడదు. ఆనకట్ట నీటిని నిలపకపోతే షికారు లేదు. ఆ నీటిలో కలుస్తున్న మురుగును ఆపకపోతే షికారుకు అర్థం లేదు. రేవుల తరం సరంగుల దగ్గర ఇంకా మిగిలి ఉన్న జ్ఞానాన్ని శిక్షణగా మార్చకపోతే షికారుకు భద్రత లేదు. సాగుకోసం నిలిపిన నీరు, దాటడంకోసం పుట్టిన పడవ కలిసి మనకిచ్చిన ఈ ఆనందం ఉచితంగా వచ్చింది కాదు. టికెట్టు కొన్న ప్రతి మనిషికీ శుభ్రమైన నీటినీ, ఆ నీటిని ఎరిగిన సరంగునూ అందించడం నడిపేవాళ్ళ దయ కాదు, ఆ చరిత్ర వాళ్ళ మీద పెట్టిన బాధ్యత.