కనుమ తెరచినదా?

హిమాలయములను దాటబోవు బాటసారి మొట్టమొదట అడుగు ప్రశ్న ఒక్కటే: "కనుమ తెరచినదా?" పూర్వము గుఱ్ఱముపై బయలుదేరిన వర్తకుడు ఈ ప్రశ్ననే అడిగెను. నేడు మోటారు సైకిలుపై మనాలీ నుండి లేహ్ పట్టణమునకు పోదలచిన యువకుడును దీనినే అడుగుచున్నాడు. ప్రశ్న మారలేదు; జవాబు చెప్పువారు మారిరి, జవాబు అందు వేగము మారెను. రెండువేల యేండ్లుగా ఈ జవాబు ఎట్లు సమకూడుచు వచ్చినదో తెలిసికొన్నచో, ప్రయాణమునకు ముందు మనము ఏమేమి విచారింపవలెనో కూడ తేటపడును.

తలనొప్పి కొండలు

క్రీస్తునకు పూర్వము 1వ శతాబ్దిలో చైనాదేశపు హాన్ చక్రవర్తి కొలువున ఒక చర్చ జరిగెను. భారతదేశమునకు వాయవ్యమున నున్న జీబిన్ రాజ్యపు దూతలను వెంటబెట్టుకొని తిరిగి దిగవిడువవలెనా, వద్దా అనునది విషయము. దూ చిన్ అను అధికారి వద్దని వాదించెను. ఆయన చూపిన కారణములలో దారి స్థితి ముఖ్యమైనది. ఆ త్రోవలో "పెద్ద తలనొప్పి కొండ", "చిన్న తలనొప్పి కొండ" అనునవి కలవనియు, అక్కడ మనుష్యులకు ఒళ్ళు వేడెక్కి, ముఖము పాలిపోయి, తలనొప్పియు వాంతులును కలుగుననియు, పశువులకు సైతము ఆ బాధ తప్పదనియు ఆయన చెప్పెను. కొన్నిచోట్ల బాట వెడల్పు ఒక అడుగు ఆరేడు అంగుళములు మాత్రమేనని కూడ తెలిపెను. ఈ మాటలు హాన్ వంశ చరిత్రలో నమోదైయున్నవి.

ఆ తలనొప్పికి కారణము కొండ కాదు, పలుచని గాలి యని నేడు మనకు తెలియును. కారణము తెలియకపోయినను, చూచినదానిని చూచినట్లు ఆయన వివరించెను. బాట వెడల్పు, మనుష్యుని ఆరోగ్యము, పశువు స్థితి – ఈ మూడును ఆ నివేదికలో నున్నవి. మంచి మార్గవార్తకు ఉండవలసిన లక్షణములు అప్పుడే ఏర్పడినవి.

అరువది దినముల నిరీక్షణ

7వ శతాబ్దిలో భారతదేశమునకు బయలుదేరిన హ్యూయన్ త్సాంగ్ మధ్య ఆసియాలోని కూచా నగరమున ఆగిపోవలసివచ్చెను. ముందున్న పర్వతములపై మంచు కరుగలేదు, దారి మూసికొనియుండెను. ఆయన అరువది దినములకు మించి అక్కడ వేచియుండెను. తరువాత బయలుదేరి ఏడు దినములలో ఆ పర్వతములను దాటెను. అయినను ఆకలికిని చలికిని ఆయన పరివారములో పదిమందికి ముగ్గురు నలుగురు చొప్పున మరణించిరి. ఎద్దులు, గుఱ్ఱములు ఇంకను ఎక్కువగా చచ్చెను.

ఈ యాత్రికుడే తరువాతి కాలమున మన ఆంధ్రదేశమునకు వచ్చి, వేంగి, ధాన్యకటక ప్రాంతములను చూచి, వాటిని గూర్చి వ్రాసిపెట్టెను. ఆ రెండు నెలల ఓపిక లేకున్నచో ఆ వ్రాత మనకు దక్కెడిదో కాదో! కాని ఆయన అనుభవము మరియొక పాఠమును కూడ చెప్పుచున్నది. దారి తెరచుట వేరు, దారి క్షేమముగా నుండుట వేరు. తెరచిన కనుమ కూడ ప్రాణములు తీయవచ్చును.

ఒడంబడిక బాట

మనాలీ నుండి లేహ్ పోవు మార్గము పాతది. టిబెట్ భాషలో "లా" అనగా కనుమ. రోహ్‌తాంగ్ (3,978 మీటర్లు), బారాలాచా లా (సుమారు 4,890 మీటర్లు), తంగ్లాంగ్ లా (సుమారు 5,328 మీటర్లు) ఈ మార్గమున వచ్చు పెద్ద కనుమలు. 1820లో ఈస్టిండియా కంపెనీ అశ్వశాల అధికారి విలియం మూర్‌క్రాఫ్ట్, మేలుజాతి గుఱ్ఱములకై బొఖారా పోదలచి, కులూ మీదుగా రోహ్‌తాంగ్, బారాలాచా కనుమలను దాటి లేహ్ చేరెను.

ఆ దినములలో మార్గవార్త తెచ్చునది ఎదురుగా దిగివచ్చు బిడారే. మంచు మోకాలి లోతున్నదో నడుము లోతున్నదో, ఏ వంతెన కొట్టుకొనిపోయినదో, గుఱ్ఱములకు గడ్డి ఎక్కడ దొరకునో ఆ వర్తకులే చెప్పెడివారు. అయితే ఆ వార్తకు ఒక లోపమున్నది. అది బిడారు నడక యెంతయో అంత పాతది. వారము క్రిందట దాటినవాని మాట, రేపు దాటబోవు వానికి సగమే పనికివచ్చును.

1870లో బ్రిటిషు ప్రభుత్వమునకును కాశ్మీర మహారాజు రణబీర్ సింగునకును ఒక ఒడంబడిక జరిగెను. లాహౌల్ నుండి లడఖ్ మీదుగా యార్కండ్ వైపు పోవు వర్తకమార్గము అందరికిని స్వేచ్ఛామార్గముగా ప్రకటింపబడెను; దానిని పర్యవేక్షించుటకు ఇరుపక్షముల కమిషనర్లు నియమింపబడిరి. అంతవరకు బాటసారి తన మంచిచెడ్డలు తానే చూచుకొనెను. ఇప్పుడు దారి బాగోగులు ఒక ప్రభుత్వోద్యోగి బాధ్యతలోనికి వచ్చెను. ఇది చిన్న మార్పు కాదు.

చక్రములు వచ్చిన కాలము

1948 నవంబరు 1వ తేదీన భారతసైన్యము కాశ్మీరమునందలి జోజీ లా కనుమకు (సుమారు 3,500 మీటర్లు) టాంకులను ఎక్కించి శత్రువును ఆశ్చర్యపరచెను. కంచరగాడిదల బాటను టాంకులు పోవునట్లు వెడల్పు చేసినవారు మద్రాసు సాపర్లు, అనగా దక్షిణాది ఇంజనీరు దళమువారు. గాడిద బాటకును చక్రముల బాటకును గల భేదము అప్పుడు స్పష్టముగా కనబడెను. గాడిద గుంతను చూచి ప్రక్కకు అడుగు వేయును, చక్రము వేయలేదు. కనుక చక్రములు నడచు దారికి నిత్యము కాపలా కావలెను.

ఆ పనికై 1960 మే 7వ తేదీన సరిహద్దు రహదారుల సంస్థ ఏర్పడెను. సైనికావసరములకై నడచిన మనాలీ–లేహ్ మార్గము 1989లో సామాన్య ప్రజలకు తెరువబడెను. 1955లో మద్రాసునందు స్థాపింపబడిన ఎన్‌ఫీల్డు కర్మాగారపు బుల్లెట్ బండ్లను సైన్యము ఎన్నో యేండ్లు వాడెను. ఆ మోటారు సైకిళ్ళపైననే పర్యాటకులు ఈ దారి పట్టిరి. నేడు హైదరాబాదు, విజయవాడలనుండి కూడ యువకులు అక్కడికి పోవుచున్నారు. 2020 అక్టోబరు 3వ తేదీన తెరచిన 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగము రోహ్‌తాంగ్ ఎక్కవలసిన పనిని తప్పించి, మార్గమును 46 కిలోమీటర్లు తగ్గించెను. కాని సొరంగమునకు అవతల బారాలాచా, తంగ్లాంగ్ కనుమలు ఎప్పటివలెనే యున్నవి.

మంచు శాస్త్రము

మంచు ఎప్పుడు జారునో ముందుగా చెప్పవచ్చునా? 1936లో స్విట్జర్లండులోని దావోస్ పట్టణమునకు పైనున్న వైస్‌ఫ్లూయోఖ్ కొండపై శాస్త్రజ్ఞులు మంచు పరిశోధన ఆరంభించిరి. మన దేశమున 1969లో మనాలీలో మంచు, మంచుచరియల పరిశోధన సంస్థ వెలసెను. 2020లో అది మరియొక రక్షణ పరిశోధనాలయముతో కలిపివేయబడెను.

మంచు ఒకే ముద్ద కాదు, పొరలు పొరలుగా నుండునని ఈ పరిశోధనల వలన తేలెను. పాతపొరమీద క్రొత్తపొర గట్టిగా అతుకుకొననిచో, కొద్దిపాటి బరువునకే అది జారును. 30 డిగ్రీలకు తక్కువ వాలులో మంచు సాధారణముగా నిలుచును. మిక్కిలి నిటారు వాలులో కూడబెట్టుకొనకముందే రాలిపోవును. 30 నుండి 45 డిగ్రీల వాలే ప్రమాదకరము. పెద్ద హిమపాతము కురిసిన వెంటనే బయలుదేరరాదనుటకు కారణమిదే.

వాగు గడియారము

వేసవి నడుమ మంచు కంటె నీటితో చిక్కు ఎక్కువ. హిమానీనదముల నుండి వచ్చు వాగులు కొన్నిచోట్ల దారికి అడ్డముగా ప్రవహించును. ఉదయము చీలమండ లోతున్న వాగు సాయంకాలమునకు మోకాలు దాటవచ్చును. వాన అక్కరలేదు, ఎండ చాలును. పగలు ఎండకు కరిగిన నీరు వాగు చేరుటకు కొన్ని గంటలు పట్టును గనుక మధ్యాహ్నము తరువాత ఉద్ధృతి హెచ్చును. రాత్రి చలికి కరుగుట తగ్గి, తెల్లవారుసరికి వాగు దిగిపోవును.

నీటి వేగమును గూర్చి 19వ శతాబ్దిలో విలియం హాప్కిన్స్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఒక సూత్రము చెప్పెను. ప్రవాహవేగము రెండింతలైనచో, అది దొర్లింపగల రాతి బరువు 64 రెట్లగును. ఉదయము గులకరాళ్ళను కదలించిన వాగు సాయంకాలము బండలను దొర్లించుట వింతకాదు. అట్టి నీటిలో రెండు చక్రముల బండి నిలుచునా?

జవాబులోని నాలుగు భాగములు

కాబట్టి "కనుమ తెరచినదా?" అను ఒక్క ప్రశ్నలో నాలుగు ప్రశ్నలున్నవి. మంచు ఎట్లున్నది? నీరు ఎట్లున్నది? కొండచరియ ఎట్లున్నది? గాలి ఎట్లున్నది? దారి తెరచినదని సరిహద్దు రహదారుల సంస్థ గాని జిల్లా అధికారులు, పోలీసులు గాని ప్రకటించుట మొదటి మెట్టు. అది ప్రకటించిన వేళకు వర్తించు మాట. దానిని నాటి వాతావరణ సూచనతోను, ఎదురుగా దిగివచ్చు లారీ డ్రైవరు మాటతోను సరిచూచుకొనవలెను. నాటి బిడారు స్థానమున నేడు ఆ డ్రైవరే యున్నాడు.

గాలి సంగతి మాత్రము ఏ ప్రకటనయు చెప్పదు. 5,300 మీటర్ల ఎత్తున గాలి పీడనము సముద్రమట్టమునందలి దానిలో ఇంచుమించు సగమే. కార్బురేటరు గల బండికి గాలి చాలక, పెట్రోలు పాలు హెచ్చి, నల్లపొగ వచ్చి బలము తగ్గును. క్రొత్త ఇంజెక్షను బండ్లు పెట్రోలును సరిదిద్దుకొనినను, లేని గాలిని సృష్టింపజాలవు. నడుపువాని శరీరమును అంతే. క్రమముగా ఎత్తునకు అలవాటుపడుటకు దినములు కావలెను. దూ చిన్ చెప్పిన తలనొప్పి నేటికిని ఆ కొండలలోనే యున్నది.

ఇటీవలి సంఘటనలు కొన్ని చూడుడు. 2010 ఆగస్టు 5వ తేదీ రాత్రి లేహ్ ప్రాంతమున కుండపోత వానతో వచ్చిన బురద వరదలో రెండువందలకు మించి ప్రజలు మరణించిరి. అది వానలు అరుదైన ఎడారి దేశము! 2018 సెప్టెంబరు చివరి దినములలో లాహౌల్‌లో అకాలముగా మంచు కురిసి వందలాది ప్రయాణికులు చిక్కుపడిరి. హెలికాప్టర్లతో వారిని వెలికి తేవలసివచ్చెను. 2023 జులై 9, 10 తేదీలలో బియాస్ నది పొంగి కులూ–మనాలీ రహదారిని పలుచోట్ల కోసివేసెను. ఈ మూడును దారి తెరచియుండు ఋతువులో జరిగినవే.

అందువలన ప్రయాణపు లెక్కలో పెట్రోలు, తిండి, ఉన్ని దుస్తులతోపాటు రెండు మూడు ఖాళీ దినములను కూడ చేర్చుకొనవలెను. సెలవు ముగియుచున్నదను తొందర లేనివాడే వాగు ఒడ్డున ఆగగలడు, మబ్బు పట్టినచో వెనుకకు తిరుగగలడు. హ్యూయన్ త్సాంగ్ అరువది దినములు ఆగెను. మనకు రెండు దినములు ఆగుట కష్టమా?