బతికిన పిల్లల వెంట నడిచిన వైద్యం

1948 జూన్‌లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ఒక వ్యాసం ప్రచురించారు. లుకేమియా అనే రక్త క్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ అనే మందు ఇస్తే 10 మందిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. ఆ మందు తయారైంది లెడర్లీ ప్రయోగశాలలో, భీమవరంలో పుట్టిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు బృందం చేతుల్లో. ఫోలిక్ ఆమ్లం లేనిదే క్యాన్సర్ కణం పెరగదు. అచ్చం దానిలాగే కనబడే నకిలీని అందించి కణాన్ని మోసగించడమే అందులోని కిటుకు. వ్యాసం వచ్చిన రెండు నెలలకే సుబ్బారావు కన్నుమూశారు. తగ్గిన జబ్బు కూడా నెలల్లోనే తిరగబెట్టింది. ఈ మందు ఇరవై ఏళ్ల తర్వాత ఒంటిని ఏం చేస్తుందని అడగాల్సిన అవసరం అప్పటికి ఎవరికీ రాలేదు. అడగాలంటే ముందు పిల్లలు ఇరవై ఏళ్లు బతకాలి కదా!

ఆ బతుకు చాలామందికి దక్కింది అమెరికాలోని మెంఫిస్‌లో. 1962లో తెరిచిన సెయింట్ జూడ్ పిల్లల ఆసుపత్రికి మొదటి డైరెక్టర్ డొనాల్డ్ పింకెల్. అప్పటికి ఆయన వయసు 35. మందులతో రక్తంలో జబ్బు మాయమైనా, మెదడు చుట్టూ ఉండే పొరల్లో కణాలు దాక్కుని మళ్లీ బయటికొచ్చేవి. రక్తంలో తిరిగే మందు అక్కడికి సరిగా చేరదు. పింకెల్ బృందం తలకు రేడియేషన్ ఇచ్చి చూసింది. తక్కువ మోతాదులు పనిచేయలేదు. 2,400 రాడ్లకు పెంచి, దానికి తోడు నడుములో సూదితో వెన్ను ద్రవంలోకి మెథోట్రెక్సేట్ ఎక్కించారు. ఇదీ సుబ్బారావు అణువు కుటుంబంలోదే. 1960ల చివరికి దాదాపు సగం మంది పిల్లల్లో జబ్బు తిరిగి రాలేదు. నూటికి నలుగురు కూడా మిగలడం కష్టమైన రోజుల నుంచి ఇది ఎంత దూరమో ఊహించుకోవచ్చు. ఆ రేడియేషన్ చేసిన హాని గురించి కింద రాయబోతున్నాను కానీ, దాన్ని చూపి పింకెల్‌ను తప్పుపట్టడం అన్యాయం. ఆయన ముందున్నది మంచికీ చెడుకీ మధ్య ఎంపిక కాదు.

హానిని ముందే పసిగట్టినవాళ్లలో జూలియో డాంజియో ఒకరు. ఫార్బర్ దగ్గర పనిచేసిన రేడియేషన్ వైద్యుడు. పిల్లల మూత్రపిండానికి వచ్చే విల్మ్స్ గడ్డకు ఆ రోజుల్లో శస్త్రచికిత్స తర్వాత పొట్టలో ఆ పక్కకు రేడియేషన్ ఇచ్చేవారు. వెన్నుపూసలో కిరణాలు తగిలిన సగం ఎదగడం ఆగిపోయేది, రెండో సగం ఎదుగుతూ పోయేది. పదేళ్లు గడిచేసరికి వెన్ను ఒక పక్కకు వంగేది. దీనికి వైద్యులు కనుక్కున్న ఉపాయం వినడానికి విడ్డూరంగా ఉంటుంది: కిరణాలు పడే మేరను తగ్గించకుండా, వెన్నుపూస మొత్తాన్నీ కమ్మేలా పెంచారు. కాస్త పొట్టిగా ఉన్నా పిల్లవాడు నిటారుగా పెరుగుతాడు. అసలు రేడియేషనే అక్కర్లేని పిల్లలు ఎవరో తేల్చే పని 1969లో మొదలైన జాతీయ విల్మ్స్ అధ్యయనం చేసింది. జబ్బు తొలి దశలోనే ఉన్న రెండేళ్ల లోపు పసివాళ్లకు దాని అవసరం లేదని మొదటి విడతలోనే తేలింది. 1975లో డాంజియో ఒక వ్యాసానికి పెట్టిన పేరులోనే జబ్బు నయం చేయడంతో పని అయిపోలేదనే మాట ఉంది. ఈ రంగంలో పనిచేసేవాళ్లకు ఇప్పటికీ అదే నినాదం.

దాన్ని పరిశోధనగా మలిచినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రి వైద్యురాలు ఆనా మెడోస్ గురించి. చికిత్స ముగిసిన పిల్లలను వదిలేయకుండా ఏళ్ల తరబడి పిలిపించి చూడటమే ఆమె వృత్తి జీవితమైంది. తలకు రేడియేషన్ పొందిన లుకేమియా పిల్లల తెలివితేటల పరీక్షల్లో మార్కులు క్రమంగా పడిపోతున్నాయని 1981లో ఆమె బృందం లాన్సెట్ పత్రికలో చూపించింది. చికిత్స నాటికి వయసు ఎంత చిన్నదైతే దెబ్బ అంత ఎక్కువ. ఇది ఒక్కరోజులో కనబడే నష్టం కాదు. నాలుగేళ్లకు చికిత్స పొందిన పాప బడికి మామూలుగానే వెళ్తుంది. మూడో తరగతికి వచ్చేసరికి లెక్కలు కష్టమవుతాయి. టీచరు చెప్పింది అర్థమవుతుంది కానీ, రాసుకునేలోపు బోర్డు మీద తర్వాతి లెక్క వచ్చేస్తుంది. ఇంట్లో బద్ధకమంటారు, బడిలో శ్రద్ధ లేదంటారు. ఎత్తు కూడా ఒక దగ్గర ఆగిపోతుంది. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథికి కిరణాలు తగిలి ఎదుగుదల హార్మోన్ తగ్గడమే దానికి కారణం. ఇవన్నీ పాత చికిత్స తాలూకువేనని ఎవరైనా కూర్చోబెట్టి చెబితే తప్ప తల్లిదండ్రులకు తెలిసే దారి లేదు.

రెండో క్యాన్సర్ల సంగతి మరీ కలవరపెట్టేది. మెడోస్ పాలుపంచుకున్న ఆలస్య ప్రభావాల అధ్యయన బృందం, చిన్నతనంలో హాడ్జ్‌కిన్ జబ్బుకు చికిత్స పొందిన 1,380 మందిని గమనించింది. ఛాతీకి రేడియేషన్ పడిన అమ్మాయిల్లో రొమ్ము క్యాన్సర్ విపరీతంగా కనబడింది. నలభై ఏళ్లు వచ్చేసరికి ఈ బృందంలోని ఆడవాళ్లలో నూటికి 35 మందికి అది రావచ్చని 1996లో లెక్క తేల్చారు. ఆ వ్యాసానికి ముందుండి పనిచేసింది భారతీయ మూలాలున్న వైద్యురాలు స్మితా భాటియా. అదే ఏడాది అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ, కోలుకున్నవాళ్ల కోసం ప్రత్యేక కార్యాలయం తెరిచి మెడోస్‌ను మొదటి డైరెక్టర్‌గా పెట్టింది.

గుండెది వేరే కథ. డాక్సోరుబిసిన్ అనే ఎర్రరంగు మందు ఎన్నో క్యాన్సర్లను లొంగదీసింది. 1991లో బోస్టన్‌లో స్టీవెన్ లిప్‌షుల్ట్జ్, ఆ మందు తీసుకున్న 115 మంది లుకేమియా పిల్లల గుండెలను ఎకోతో పరీక్షిస్తే 57 శాతం మందిలో తేడా కనబడింది. మందు దెబ్బకు కొన్ని గుండె కండర కణాలు చనిపోతాయి, వాటి స్థానంలో కొత్తవి పుట్టవు. పిల్లవాడు ఆరడుగులు పెరుగుతాడు కానీ గుండె గోడ పలచగానే ఉండిపోతుంది. ఆటల్లోనో, కాన్పు సమయంలోనో ఆ బలహీనత బయటపడొచ్చు.

ఇవన్నీ అక్కడొకటి ఇక్కడొకటిగా దొరికిన ఆనవాళ్లు. మొత్తం లెక్క కావాలంటే వేలమంది కావాలి. 1994లో లెస్లీ రాబిసన్ మొదలుపెట్టిన అధ్యయనం, 1970–1986 మధ్య జబ్బు పడి అయిదేళ్లు దాటి బతికినవాళ్లను అమెరికా, కెనడాల్లో వెతికి పట్టుకుంది. పోల్చడానికి వాళ్ల సొంత అక్కచెల్లెళ్లను, అన్నదమ్ములను తీసుకున్నారు. అదే ఇల్లు, అదే తిండి, జన్యువుల్లోనూ దాదాపు సగం ఒకటే. నా దృష్టిలో ఈ అధ్యయనంలో అన్నిటికన్నా తెలివైన ఆలోచన ఇదే. 2006లో వచ్చిన ఫలితం ప్రకారం, 10,397 మందిలో 62.3 శాతానికి ఏదో ఒక దీర్ఘకాలిక జబ్బు ఉంది. తీవ్రమైన జబ్బులు తోబుట్టువులకన్నా ఎనిమిది రెట్లు ఎక్కువ. అప్పటికి వాళ్ల సగటు వయసు 27 కూడా కాదు.

సంతోషించాల్సిన మాటేమిటంటే, ఈ లెక్కలు అల్మారాల్లో పడి ఉండలేదు. రేడియేషన్ మోతాదు తగ్గిస్తూ వచ్చారు. 2009లో వచ్చిన ఫలితం ప్రకారం, అదే సెయింట్ జూడ్‌లో చింగ్-హాన్ పుయ్ బృందం తలకు రేడియేషన్ లేకుండానే, మందులనూ వెన్ను ద్రవంలోకి ఇచ్చే సూదులనూ జాగ్రత్తగా అమర్చి, 498 మంది పిల్లలకు చికిత్స చేస్తే అయిదేళ్ల తర్వాత 93.5 శాతం మంది బతికే ఉన్నారు. ఒకప్పుడు రేడియేషన్ లేనిదే గతి లేదన్న చోట దాని పనిని సూదిమందులే చేశాయి. వాటిలో మెథోట్రెక్సేట్ కూడా ఉంది. చిన్ననాటి క్యాన్సర్లన్నీ కలిపి చూస్తే, 1970ల తొలినాళ్లలో చికిత్స పొందినవాళ్లలో అయిదేళ్లు గట్టెక్కాక మరో పదిహేనేళ్లలోపు చనిపోయినవాళ్లు 12.4 శాతం. 1990లలో చికిత్స పొందినవాళ్లలో అది 6 శాతానికి దిగింది.

కోలుకున్న పిల్లలను కనిపెట్టి ఉండే పని మన దేశంలో ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో 1991లోనే మొదలైంది. చికిత్స పూర్తయినవాళ్ల కోసం అక్కడ పూర్ణా కుర్కురే బృందం ప్రత్యేక క్లినిక్ నడిపింది. మన పిల్లల సమస్యలు కొన్ని వేరు. పాత రోజుల్లో ఎక్కించిన రక్తం ద్వారా అంటుకున్న కామెర్ల వైరస్‌లు వాటిలో ఒకటి. పెళ్లి సంబంధాలు చెడతాయన్న భయంతో, ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో, చిన్ననాటి జబ్బును ఇంటిల్లిపాదీ దాచేయడం ఇంకొకటి. దాచడం మొదలయ్యాక పరీక్షలకు వెళ్లడం మానేస్తారు, కాగితాలు చింపేస్తారు. పెళ్లయ్యాక ఆ పిల్లను చూసే డాక్టరుకు ఎకో తీయాలన్న సంగతే తట్టదు.

మీ ఇంట్లోనో, బంధువుల్లోనో చిన్నప్పుడు క్యాన్సర్ నుంచి బయటపడ్డ పిల్లలుంటే ఆ పాత డిశ్చార్జ్ సమ్మరీ వెతికి పెట్టండి. దొరక్కపోతే చికిత్స చేసిన ఆసుపత్రి రికార్డుల విభాగంలో అడగండి. ఏ మందులిచ్చారు, డాక్సోరుబిసిన్ మొత్తం ఎంత, రేడియేషన్ ఒంట్లో ఎక్కడ, ఎంత మోతాదు అన్నవి అందులో ఉండాలి. చదరపు మీటరు లెక్కన ఆ మందు 250 మిల్లీగ్రాములు దాటిందంటే గుండెకు ముప్పు ఎక్కువ. ఛాతీకి రేడియేషన్ పడిన అమ్మాయిలకు ఇరవై అయిదేళ్లు దాటాక, లేదా చికిత్స జరిగి ఎనిమిదేళ్లయ్యాక, ఏది ఆలస్యమైతే అప్పటి నుంచి రొమ్ము పరీక్షలు జరగాలి. ఆ కాగితం రెండు జిరాక్సులు తీయించి, ఒకటి వాళ్ల చేతికే ఇవ్వండి.