కూర్చోవడానికి ఒక స్టూలు

మొన్న మా అమ్మాయితో సూపర్ మార్కెట్‌కి వెళ్లాను. ర్యాకులో ముందున్న పెరుగు డబ్బా వదిలేసి, వెనక్కి చెయ్యి పెట్టి ఒకటి తీశాను. "ఎందుకమ్మా అలా?" అంది. "ముందు పాతది, వెనక కొత్తది పెడతారే. నేనూ అలాగే సర్దేదాన్ని" అన్నాను. దానికి ఆ సంగతి తెలియదు.

మాది పర్చూరు వైపు పల్లె, పత్తి పండే నల్లరేగడి. 1987-88లో తెల్లదోమ ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పత్తిని ఊడ్చేసింది. అప్పులు తీర్చలేక ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. నేను పుట్టిందీ ఆ ఏడే. మా నాన్న బతికారు గానీ ఆ అప్పూ బతికింది. 2005లో ఇంటర్ అయ్యాక నేను డిగ్రీకి కాకుండా గుంటూరులో ఒక సూపర్ మార్కెట్‌కి వెళ్లడానికి కారణం అదే.

అట్టపెట్టెలు కోయడం, ధర చీటీలు అంటించడం, తేదీలు చూడటం, పేరు ముందుకి కనబడేలా సర్దడం, ఇవీ నా పనులు. మొదట్లో కారం ప్యాకెట్లు సర్దుతూ నవ్వుకునేవాళ్లం. మిర్చి యార్డున్న ఊళ్లో, ఎండుమిరపకాయలు మరాడించుకునే ఊళ్లో, కారం ఎవరు కొంటారని! రెండేళ్లు తిరిగేసరికి ఆ అర వారానికి రెండుసార్లు నింపాల్సి వచ్చింది. ఆడవాళ్లు ఉద్యోగాలకు వెళ్తున్నారు, మిరపకాయలు ఎండబెట్టే తీరిక ఎవరికుంది?

ఒకసారి అమ్మ మా షాపు చూడటానికి వచ్చింది. పప్పు ప్యాకెట్ ముందు నిలబడి, "ముట్టుకోవచ్చా?" అని మెల్లగా అడిగింది. మా ఊరి పచారీ కొట్టులో ఆమె అడిగేది, ఆయన కట్టి ఇచ్చేవాడు, పద్దు నాన్న పేరున రాసేవాడు. సరుకు మంచిదో కాదో ఇంటికొచ్చాకే తెలిసేది. ఆరోజు అమ్మ ప్రతి ప్యాకెట్టూ తిప్పి ధర చదివింది. అన్ని పన్నులూ కలిపిన గరిష్ఠ ధర ప్యాకెట్ మీద ముద్రించాలన్న నిబంధన 1990లో వచ్చింది. కొనేవాళ్లే బుట్ట పట్టుకుని సరుకు తీసుకునే పద్ధతిని అమెరికాలో క్లారెన్స్ సాండర్స్ అనే ఆయన 1916లో మెంఫిస్‌లో మొదలుపెట్టాడు. మన హైదరాబాదులో త్రినేత్ర 1986లో వచ్చింది. ఇవన్నీ తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆరోజు నాకు కనిపించింది మాత్రం అమ్మ ముఖమే.

కానీ అమ్మకు చెప్పని మాట ఒకటుంది. ఉదయం తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా మేము కూర్చోకూడదు. అన్నం తినే అరగంటే విశ్రాంతి. కూర్చుని దొరికితే జీతంలో కోత. నెలసరి రోజుల్లో కూడా అంతే. రాత్రి హాస్టల్లో కాళ్లు గోడకి ఆనించి పడుకునేవాళ్లం. నా పిక్కల మీద ఉబ్బిన నరాలు ఆనాటివే. అది మా ఖర్మ అనుకున్నాం తప్ప, అడగొచ్చని ఎవరికీ తోచలేదు.

కేరళ ఆడవాళ్లకు తోచింది. కోళికోడ్ మిఠాయి వీధి దుకాణాల్లో పనిచేసే స్త్రీలకు కనీసం మరుగుదొడ్డి ఉండేది కాదు. పి. విజి అనే దర్జీ వాళ్లను కూడగట్టి 'పెణ్‌కూట్టు' సంఘం పెట్టారు. మొదట మరుగుదొడ్ల కోసం, తర్వాత కూర్చునే హక్కు కోసం ఏళ్ల తరబడి పోరాడారు. 2018లో కేరళ, 2021లో తమిళనాడు దుకాణాల చట్టాలను సవరించి, పనివాళ్లకు కుర్చీ వేయాలన్నాయి.

ఆ వార్త చదివిన రోజు వంటింట్లో కూర్చుని ఏడ్చాను.

ఈసారి షాపుకి వెళ్లినప్పుడు సరుకుతోపాటు, అక్కడి అమ్మాయిలకు ఒక స్టూలు ఉందో లేదో కూడా చూడండి. లేకపోతే యజమానిని అడగండి. వాళ్లు అడిగితే ఉద్యోగం పోతుందేమో గానీ, మనం అడిగితే మనకు పోయేదేమీ లేదు.