‘డి/ఎస్’ పోతే ఏమవుతుంది? అమెరికాలో ఎఫ్-1 విద్యార్థుల గడువు మార్పు, వివరంగా

అమెరికాలో చదివే విదేశీ విద్యార్థి ఎంతకాలం అక్కడ ఉండొచ్చు? ఇప్పటిదాకా దీనికి ఒక తేదీ అంటూ లేదు. చదువు సాగుతున్నంత కాలం, నిబంధనలు పాటిస్తున్నంత కాలం ఉండొచ్చు. ఈ పద్ధతిని తీసేసి ప్రతి విద్యార్థికీ ఒక ఆఖరు తేదీ పెట్టాలంటూ అక్కడి హోంల్యాండ్ సెక్యూరిటీ విభాగం (డీహెచ్‌ఎస్) 2025 ఆగస్టు 28న ఫెడరల్ రిజిస్టర్‌లో ఒక ముసాయిదా ప్రచురించింది.

మన దగ్గర దీన్ని ‘నాలుగేళ్ల వీసా’ అంటున్నారు. ఆ పేరు వల్ల అసలు సంగతి పక్కకు పోతోంది. రెండేళ్ల ఎంఎస్‌కు వెళ్లేవారికి నాలుగేళ్ల పరిమితి పెద్ద అడ్డంకి కాదు. వారి మీద పడే భారం వేరు. చదువు అయిపోయాక అక్కడ ఉండాలంటే వర్సిటీ నమోదు సరిపోదు, ప్రభుత్వం విడిగా అనుమతి ఇవ్వాలి.

ఓపెన్ డోర్స్ నివేదిక ప్రకారం 2024–25లో అమెరికాలో 3,63,019 మంది భారతీయ విద్యార్థులున్నారు. వీరిలో సుమారు 1.43 లక్షల మంది చదువు ముగించుకుని ఓపీటీపై పనిచేస్తున్నవారే. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల నుంచి వెళ్లేవారిలో ఎక్కువమంది ఎంఎస్ కోసమే వెళ్తారు కాబట్టి ఈ మార్పు ఇక్కడి ఇళ్లను నేరుగా తాకుతుంది.

వీసా వేరు, స్టేటస్ వేరు

పాస్‌పోర్టులో అంటించే వీసా అమెరికా వెళ్లి ప్రవేశం అడగడానికి మాత్రమే. అక్కడ ఎంతకాలం ఉండొచ్చో అది చెప్పదు. ఆ సంగతి చెప్పేది విమానాశ్రయంలో దిగాక నమోదయ్యే ఐ-94. పర్యాటకులకు అందులో ఒక తేదీ ఉంటుంది. ఎఫ్-1 విద్యార్థులకు మాత్రం తేదీ ఉండాల్సిన చోట ‘డి/ఎస్’ అని ఉంటుంది. డ్యూరేషన్ ఆఫ్ స్టేటస్ అన్నదానికి ఇది పొట్టి పేరు, అంటే విద్యార్థి హోదా కొనసాగినంత కాలం అని అర్థం. 1970ల చివరి నుంచి ఈ పద్ధతే నడుస్తోంది.

అందుకే అక్కడ ఉండగా వీసా గడువు ముగిసినా స్టేటస్ పోదు. వీసా చెల్లుబాటులో ఉన్నా స్టేటస్ పోవచ్చు. 2025 ఏప్రిల్‌లో వేలమంది విద్యార్థుల సెవిస్ రికార్డులు ఉన్నట్టుండి రద్దయ్యాయి. కోర్టుల్లో వరుసగా కేసులు పడ్డాక ప్రభుత్వం వాటిని పునరుద్ధరిస్తామంది. స్టేటస్ ఎంత ముఖ్యమో చాలామందికి అప్పుడే తెలిసొచ్చింది.

2025లో వీసా దశలోనూ మార్పులు వచ్చాయి. జూన్ నుంచి విద్యార్థులు సోషల్ మీడియా ఖాతాలను అందరికీ కనిపించేలా ఉంచాలి. సెప్టెంబరు నుంచి ఇంటర్వ్యూ మినహాయింపులు దాదాపుగా పోయాయి. సొంత దేశంలోనో, నివాసం ఉంటున్న దేశంలోనో దరఖాస్తు చేసుకోవాలన్నారు. ఇవన్నీ అమెరికాలో అడుగుపెట్టేలోపు ఎదురయ్యేవి. డి/ఎస్ మార్పు వెళ్లాక మొదలవుతుంది.

ఇప్పుడు గడువు ఎవరి చేతిలో ఉంది?

ప్రతి వర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి ఉంటారు. వారినే డీఎస్‌వో అంటారు. థీసిస్ ఆలస్యమైనా, అనారోగ్యంతో ఒక సెమిస్టర్ వెనకబడినా ఆ అధికారి కారణాలు పరిశీలించి, సెవిస్‌లో తేదీ మార్చి కొత్త ఐ-20 ఇస్తారు. విద్యార్థి ప్రభుత్వానికి విడిగా దరఖాస్తు చేయనక్కర్లేదు. ఓపీటీకి మాత్రం పని అనుమతి కోసం యూఎస్‌సీఐఎస్‌కు ఐ-765 పెట్టుకోవాలి. అక్కడ ఉండటానికి వేరే అనుమతి అవసరం లేదు.

ముసాయిదాలో ఏముంది?

- ఐ-20లో ఉన్న కోర్సు ముగింపు తేదీ వరకే ప్రవేశం ఇస్తారు. అది నాలుగేళ్లు మించకూడదు.
- అంతకన్నా ఎక్కువ కాలం ఉండాలంటే యూఎస్‌సీఐఎస్‌కు ఐ-539 దరఖాస్తు చేసి, బయోమెట్రిక్స్ ఇవ్వాలి.
- చదువు ముగిశాక దేశం విడిచి వెళ్లడానికి ఇప్పుడున్న 60 రోజుల వెసులుబాటు 30 రోజులకు తగ్గుతుంది.
- డిగ్రీ విద్యార్థులు మొదటి విద్యా సంవత్సరం చేరినచోటే పూర్తి చేయాలి. పీజీ విద్యార్థులు మధ్యలో ప్రోగ్రామ్ మార్చుకోవడానికి వీల్లేదు.
- ఒక కోర్సు పూర్తిచేసిన వారు ఎఫ్-1పై అదే స్థాయిలో గానీ, అంతకంటే తక్కువ స్థాయిలో గానీ మరో కోర్సు చేయకూడదు.

ఎంఎస్ విద్యార్థి లెక్క ఎలా మారుతుంది?

ఇంటినో పొలాన్నో తాకట్టు పెట్టి విద్యారుణం తీసుకునే కుటుంబం వేసుకునే లెక్క దాదాపు ఒకటే. రెండేళ్లు చదువు. తర్వాత 12 నెలల ఓపీటీ. స్టెమ్ కోర్సు అయితే ఇంకో 24 నెలలు. అప్పు తీరేది ఆ మూడేళ్ల జీతంలోనే. ఆలోపు హెచ్-1బీ లాటరీలో పేరు వస్తే సరి.

ముసాయిదా ప్రకారం ఆ విద్యార్థి ఐ-94లో రెండేళ్ల తర్వాతి తేదీ పడుతుంది. ఓపీటీకి ఐ-765తో పాటు ఉండటానికి ఐ-539 కూడా పెట్టాలి. స్టెమ్ పొడిగింపు వచ్చినప్పుడు మళ్లీ అదే పని. ఐ-539కు ఇప్పుడున్న రుసుము ఆన్‌లైన్‌లో 420 డాలర్లు, కాగితంపై 470 డాలర్లు. డబ్బు ఒక ఎత్తయితే, ఇన్నాళ్లూ ఒకే అనుమతితో సరిపోయిన చోట రెండు నిర్ణయాల కోసం ఎదురుచూడటం ఇంకో ఎత్తు. రెండోది రాకపోతే మొదటిదానితో ప్రయోజనం ఉండదు.

మరో దెబ్బ ‘రెండో ఎంఎస్’కు. ఏటా హెచ్-1బీలు 85,000 మాత్రమే కావడంతో, ఓపీటీ ముగిసేలోగా లాటరీలో పేరు రానివారు చాలామంది మరో వర్సిటీలో ఇంకో ఎంఎస్‌కు చేరుతున్నారు. అక్కడ తొలి రోజు నుంచే సీపీటీ కింద ఉద్యోగం కొనసాగించే వీలున్న కోర్సులను ఎంచుకుంటున్నారు. ఒకే స్థాయిలో రెండో కోర్సు వద్దంటే ఆ దారి పూర్తిగా మూసుకుపోతుంది. లాటరీ తప్పితే వెనక్కి రావడమో, పీహెచ్‌డీకి వెళ్లడమో మిగులుతుంది.

పీహెచ్‌డీ విద్యార్థులకు మాత్రం నాలుగేళ్ల పరిమితే నేరుగా తగులుతుంది. అక్కడ పీహెచ్‌డీకి ఐదారేళ్లు పట్టడం మామూలే. పరిశోధన మధ్యలో ఆగి పొడిగింపు కోసం దరఖాస్తు చేయాల్సి వస్తుంది.

తేదీ దాటితే ఏమిటి?

అందరూ తెలుసుకోవాల్సింది ఇదే. అనుమతి లేకుండా అమెరికాలో 180 రోజులకు మించి ఉండి వెళ్లిపోతే మూడేళ్లు, ఏడాది దాటితే పదేళ్లు తిరిగి రాకుండా నిషేధం ఉంది. డి/ఎస్ ఉన్నవారికి ఈ లెక్క దానంతటదే మొదలు కాదు. యూఎస్‌సీఐఎస్ గానీ, ఇమిగ్రేషన్ జడ్జి గానీ స్టేటస్ పోయిందని తేల్చాకే మొదలవుతుంది. ఐ-94లో తేదీ ఉంటే, పొడిగింపు దరఖాస్తు లేకుండా అది దాటిన మర్నాటి నుంచే రోజులు లెక్కలోకి వస్తాయి. ఇప్పుడు సరిదిద్దుకునే అవకాశం ఉన్న పొరపాటు, అప్పుడు నిషేధం దాకా తీసుకెళ్లొచ్చు.

ప్రభుత్వం ఏమంటోంది?

డి/ఎస్ వల్ల విద్యార్థులపై నిఘా లేకుండా పోయిందని డీహెచ్‌ఎస్ వాదన. 2000–2010 మధ్య ఎఫ్-1పై వచ్చినవారిలో 2,100 మందికి పైగా ఇంకా అదే స్టేటస్‌లో ఉన్నారని చెబుతోంది. మోసాలు లేవని ఎవరూ అనలేరు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీపై దాడులు జరిగాయి. అక్కడ నమోదైన 1,500 మందికి పైగా విద్యార్థుల్లో అత్యధికులు భారతీయులు, వారిలోనూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌వారే ఎక్కువ. కొందరి కాళ్లకు నిఘా పరికరాలు తగిలించడంపై భారత్ నిరసన తెలిపింది.

ఈ చరిత్రకు ఇంకో పార్శ్వం ఉంది. 2019లో బయటపడ్డ మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీని నకిలీగా పెట్టింది అమెరికా ఏజెంట్లే. గుర్తింపు ఉన్న సంస్థల ప్రభుత్వ జాబితాలోనూ దాని పేరు ఉంది. అరెస్టయిన విద్యార్థుల్లో అత్యధికులు భారతీయులు, వారిలో తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉన్నారు. రెండు ఉదంతాల్లోనూ సమస్య సంస్థ గుర్తింపు దగ్గర ఉంది. ముసాయిదా మాత్రం అదనపు భారాన్ని విద్యార్థుల మీద పెడుతోంది.

ఇది తొలి ప్రయత్నం కాదు

2018లో రోజుల లెక్కను ముందుకు జరపాలని యూఎస్‌సీఐఎస్ విధానపత్రం తెస్తే ఫెడరల్ కోర్టు అడ్డుకుంది. 2020 సెప్టెంబరులో ట్రంప్ తొలి ప్రభుత్వం ఇప్పటిలాంటి ముసాయిదానే తెచ్చింది. 2021 జులైలో బైడెన్ ప్రభుత్వం దాన్ని ఉపసంహరించుకుంది. తాజా ముసాయిదాపై అభిప్రాయాలకు 2025 సెప్టెంబరు 29 వరకు గడువిచ్చారు. ముసాయిదా చట్టం కాదు. తుది నిబంధన ఫెడరల్ రిజిస్టర్‌లో వెలువడి, అందులో పేర్కొన్న తేదీ వచ్చేదాకా డి/ఎస్ పద్ధతే చెల్లుతుంది.

విద్యార్థులు చూసుకోవాల్సినవి

- అమెరికాలో దిగిన ప్రతిసారీ ఐ-94ను ఆన్‌లైన్‌లో తీసి, ‘డి/ఎస్’ ఉందో, తేదీ ఉందో చూసుకోవాలి.
- ఐ-20 ముగింపు తేదీని గుర్తుపెట్టుకోవాలి. చదువు ఆలస్యమయ్యేలా ఉంటే ఆ తేదీకి ముందే డీఎస్‌వోను కలవాలి.
- వైద్య పత్రాలు, గైడ్ లేఖల వంటి ఆధారాలను అప్పటికప్పుడే దాచుకోవాలి. పొడిగింపు అడిగే రోజున అవే అక్కరకొస్తాయి.
- ‘తర్వాత వర్సిటీ మార్చుకోవచ్చు’ అని కన్సల్టెన్సీ చెబితే, ఆ ఒక్క మాట మీద అడ్మిషన్ తీసుకోవద్దు.
- రుణం తీర్చే లెక్కలో మూడేళ్ల ఓపీటీని ఖాయమైన ఆదాయంగా రాసుకోవద్దు. మొదటి ఏడాది తర్వాతే తిరిగి రావాల్సి వస్తే వాయిదాలు ఎలా కడతారో ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి.